గడువు దాటిన గురువారం

గురువారం పదకొండయింది, ఫోను మోగలేదు. పన్నెండయింది, మోగలేదు. నాకు కోపమొచ్చింది. అవును, కోపమే వచ్చింది, భయం కాదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది. లేకపోతే ఈ రాసేదంతా నేనేదో గొప్ప మనసున్న మనిషినన్నట్టు తయారవుతుంది.

సంగతేంటంటే, నేను పనిచేసే శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ల పైచిలుకు కౌంటరులో కూర్చున్న ఒకాయన, రిటైరయ్యాక రెండు వారాలకొకసారి, సరిగ్గా గురువారం పదకొండింటికి నాకొక వాయిస్ మెసేజ్ పంపేవాడు. ఎప్పుడూ అదే మాట. "మేడంగోరూ, రెన్యువల్ సేయండి." నేను "చేశాను" అని జవాబు పెట్టేదాన్ని. ఏడాది పైన ఇలాగే నడిచింది. ఆయన దగ్గర ఉన్నది పుస్తకం కాదు. నా మాట ఒకటి ఆయన ఫోనులో ఉండిపోయింది, దానికి రెన్యువల్ అన్నమాట. అదెలా జరిగిందో చెప్తాను.

ఆ గురువారం మాత్రం మెసేజ్ రాలేదు. "సరే, చివరికి ఈయన కూడా మర్చిపోయాడు" అనుకున్నాను. నేనే ఫోను చేసి అడగొచ్చు. అడగలేదు. ఆయన పంపాలి, నేను చెయ్యాలి, అది కదా పద్ధతి అని బిగుసుకుని కూర్చున్నాను. మర్నాడు శుక్రవారం, మాకు సెలవు. శనివారం పొద్దున్న, రోజూ పేపర్లు చదవడానికి వచ్చే స్టీల్ ప్లాంటు రిటైర్డు పెద్దాయన సరాసరి నా టేబులు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"తెలిసిందేటమ్మా? బావ పోనాడంట. నిన్న సాయంత్రం. మంగళారమే ఆస్పత్రిలో ఏసినారంట. గుండంట."

ఏ బావ అని అడగక్కర్లేదు. మద్దిలపాలెం జంక్షను చుట్టుపక్కల పుస్తకం పట్టుకునే మగవాళ్లందరికీ ఆయన ఒక్కడే బావ. డిపో డ్రైవర్లకి బావ, కాలేజీ కుర్రాళ్లకి బావ, డెబ్బై దాటిన ముసలాళ్లకి కూడా బావే. నేను మాత్రం లెక్కపెట్టుకున్నాను. మంగళవారం ఆస్పత్రి, శుక్రవారం సాయంత్రం పోయాడు. అంటే గురువారం పదకొండింటికి ఆయన ఉన్నాడు.

*

మనిషి పొట్టి. ఉప్పుగాలికి ఎండిపోయిన నల్లటి ముఖం. తెల్లచొక్కా, జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన సగం నిమ్మకాయ. ఆ నిమ్మకాయ ఎందుకో, నేను ఉద్యోగంలో చేరిన వారానికి గానీ తెలియలేదు.

ఆయనది జాలరిపేట. తండ్రి, తాత అందరూ సముద్రం మీద వేటకి వెళ్లినవాళ్లే. ఈయనొక్కడే చదువు పిచ్చితో గట్టు మీద ఉండిపోయాడు. భార్య చేపలమ్ముతుంది. తెల్లారుతూనే తెప్పలొచ్చే వేళకి వెళ్లి, ఆవిడతో కూర్చుని చేపలు ఏరి, బుట్ట ఆవిడ నెత్తికెత్తి, అప్పుడు మా లైబ్రరీకి వచ్చేవాడు. రాగానే వెనక కుళాయి దగ్గర మోచేతుల దాకా నిమ్మకాయ రుద్ది కడుక్కునేవాడు. అరచేతులు రెండూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాకే పుస్తకం ముట్టుకునేవాడు. ఒకసారి నేను "అంత అవసరమా అండీ, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"పుస్తకానికి సేప వాసనొత్తే పరవాలేదు మేడంగోరూ, సదివినోలు సద్దుకుంటారు. సేపకి పుస్తకం వాసనొత్తేనే కష్టం. మా ఆడదానికి బేరం పోద్ది" అన్నాడు, ముఖంలో నవ్వన్నది లేకుండా. నేను నవ్వాలో వద్దో తేల్చుకునేలోగా ఆయన కౌంటరు వెనక్కి వెళ్లిపోయాడు.

తేదీ ముద్ర వెయ్యడం కూడా ఆయనదొక తీరు. నేను పనిచేసిన మిగతా చోట్ల ముద్ర అంటే దబ్బుమని ఒక్క గుద్దు. ఈయన ముద్రని సిరాపట్టీ మీద అద్ది, ఒకసారి ఊది, చీటీ మీద నెమ్మదిగా ఆనించి, బొటనవేలితో నొక్కేవాడు. ఆలస్యమవుతోందని ఎవరైనా గొణిగితే, "దబ్బుమని కొడితే లోనున్నోలు ఉలిక్కిపడతారు బావ" అనేవాడు. లోపలెవరున్నారంటే, "కతలోనోలు" అనేవాడు. పుస్తకం వెనక్కి తెచ్చినవాళ్లని మాత్రం ఎదురుచూసిన చుట్టాల్లా పలకరించేవాడు. "సదివేసినావా? సదివేస్తే మంచి పని సేసినావు. ఇంకొకలు ఆకలి మీదున్నారు" అంటూ చేతులు చాచేవాడు.

నేనేమో సబ్బవరం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషిని. పొలం పని చేసుకునే ఇంట్లో పుట్టి, పరీక్షలు రాసి, ముప్పై నాలుగేళ్లకి ఆ లైబ్రరీకి అధికారినై వచ్చాను. మా ఊళ్లో ఎదురొచ్చిన ప్రతి మనిషికీ ఒక వరస పెట్టి పిలవడమే నాకు అలవాటు. ఆఫీసులో వరసలేంటని ఇక్కడ బిగుసుకుపోయాను. ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి వయసు అడ్డం. బావా అనడానికి ఆడదాన్ని. బాబాయ్ అనొచ్చు, నోటి చివరిదాకా వచ్చేది, కుర్చీ గుర్తొచ్చి మింగేసేదాన్ని. మూడేళ్లూ "ఏవండీ, ఇదిగో" తోనే లాక్కొచ్చాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆయనతో నా మొదటి గొడవ గడువు దగ్గరే. ఒక టైలరు పుస్తకం తీసుకెళ్లి నెల దాటినా తేలేదు. నేను నోటీసు రాసి, పోస్టు చెయ్యమని ఇచ్చాను. ఈయన దాన్ని జేబులో పెట్టుకుని సాయంత్రం స్వయంగా ఆ ఇంటికి వెళ్లాడు. మర్నాడు ఖాళీ చేతులతో వచ్చాడు.

"పుస్తకం ఏదండీ?"

"ఆయనకి కాలు ఇరిగిపోనాది మేడంగోరూ. మంచమ్మీదున్నాడు. పుస్తకం గుండెల మీదెట్టుకుని సదువుకుంటన్నాడు. ఇంకో రెండు వారాలిచ్చినాను."

"ఇవ్వడానికి మీరెవరండీ? నోటీసు ఏమయింది?"

నోటీసు మడత కూడా విప్పకుండా నా టేబులు మీద పెట్టాడు. "గడువు దాటితే పుస్తకం గురించి కాదు, మనిసి గురించి బెంగెట్టుకోవాల. ఊరికే దాటించరు ఎవులూ. ఏదో అయ్యుంటాది. ఎల్లి సూడాల" అన్నాడు.

రూల్సు పుస్తకంలో ఇది ఎక్కడా లేదని నేను అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా గడువు దాటిన ప్రతి ఇంటికీ వెళ్తూనే ఉన్నాడు. కొన్ని చోట్ల పురుడు, కొన్ని చోట్ల చావు, ఒక చోట మొగుడూ పెళ్లాల తగువు. నాకు నోటీసులు రాసే పని తప్పింది, అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు.

*

ఆయన రిటైర్మెంటుకి రెండేళ్లుందనగా పైనుంచి ఆర్డరొచ్చింది. ఇకనుంచి పుస్తకాలిచ్చేదీ పుచ్చుకునేదీ కంప్యూటరులో. సిబ్బంది హాజరు ఫోనులో, ముఖం చూపించి. ఆదేశాలన్నీ ఫోను గ్రూపులో. రెండు నెలల్లో నేర్చుకోని వాళ్లని కౌంటరు నుంచి తీసేసి, ఊరవతల పాత పుస్తకాల గోడౌనుకి పంపుతారు. అక్కడ పుస్తకాలుంటాయి, మనుషులుండరు. ఆర్డరు చదివి వినిపిస్తుంటే ఆయన ముద్ర పిడి పట్టుకునే కూర్చున్నాడు.

"కౌంటరు తీసేస్తారేటి?" అని ఒక్కటే అడిగాడు.

"నేర్చుకుంటే తియ్యరు."

"అయితే నేర్చుకుంటాను. ఆ గోడౌన్లో నాను బతకలేను మేడంగోరూ."

మర్నాడే కొత్త ఫోను కొనుక్కొచ్చాడు. ఆ మర్నాటికి దానికి ఖాకీ అట్ట వేసేశాడు, పుస్తకానికి వేసినట్టే, మూలలు మడిచి, గమ్ము పెట్టి. కెమెరా మూసుకుపోయిందంటే బ్లేడుతో గుండ్రంగా కిటికీ కోశాడు. వెనక్కి తిప్పితే తేదీల చీటీ కూడా అంటించి ఉంది, లైబ్రరీ పుస్తకాల చివర ఉంటుందే, అదే.

"ఇదెందుకండీ?"

"అట్టేసినాక సీటీ ఉండాల కదేటి" అన్నాడు.

ముఖం చూపించి హాజరు వెయ్యడం ఆయనకి రోజూ ఒక పండగ. దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు, మెడ గుండీ పెట్టుకునేవాడు, ఫోనుకి నమస్కారం చేసేవాడు. నమస్కారం చేస్తే చేతులడ్డొచ్చి ముఖం కనపడేది కాదు. "వద్దండీ, దండం పెట్టొద్దు" అంటే, "పొద్దున్నే మొకం సూపించి పలకరించకపోతే ఏటనుకుంటాది" అనేవాడు. కంప్యూటరుకి పాస్‌వర్డు ఇచ్చాను, జాగ్రత్తగా దాచుకోమని. శుభ్రంగా కార్డు మీద రాసి, కేటలాగు డ్రాయరులో 'ప' అక్షరం కింద, వరస తప్పకుండా దాచాడు. కార్డు మీద, శీర్షిక: పాస్‌వర్డు. కర్త: మేడంగోరు. అది రహస్యమండీ బాబూ అని నెత్తి కొట్టుకుంటే, "మరి ఎవులైనా ఎతుక్కుంటే దొరకొద్దా?" అని ఆయనే నన్ను వింతగా చూశాడు.

వీటన్నిటికీ నవ్వుకున్నాం. నవ్వుకోలేనిది మెసేజీల దగ్గర వచ్చింది.

ఆయనకి నేనేం పంపినా తిరిగొచ్చేది. "రేపు పది గంటలకి మీటింగు" అని పెడితే, పది నిమిషాల్లో "రేపు పది గంటలకి మీటింగు" అని నాకే వచ్చేది. మొదట ఫోను పాడైందనుకున్నాను. దగ్గర కూర్చుని చూస్తే అర్థమైంది. ఆయన ప్రతి మెసేజీ రెండుసార్లు చదివి, పంపినవాళ్లకే తిప్పి పంపి, తన ఫోనులోంచి తుడిచేసేవాడు.

"ఎందుకండీ తిప్పి పంపుతున్నారు?"

"సదివీసినాను కదా. మీది మీకిచ్చీవాల కదా."

"మీరు చదివితే నాకు నీలం టిక్కులు పడతాయి. తెలుస్తుంది. పంపక్కర్లేదు."

"ఆ టిక్కులెవులెట్టినారు? నానెట్టలేదు. నాను సదివినట్టు నానే సెప్పుకోవాల కదా. అయినా మీరు నాకిచ్చీసినాక మీ కాడ ఉండదు కదేటి."

నా ఫోను తీసి చూపించాను, ఇదిగో, నా దగ్గరా ఉంది, మీ దగ్గరా ఉంది అని. చాలాసేపు రెండు ఫోనులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "ఓలమ్మ, రెండు కాపీలా!" అన్నాడు. సరే, అర్థమైందనుకున్నాను. సాయంత్రం నేను పంపిన మెసేజీ మళ్లీ తిరిగొచ్చింది. ముప్పై ఏళ్లు ఇచ్చినదల్లా తిరిగి పుచ్చుకున్న చెయ్యి అది, ఊరుకోలేకపోయింది.

నా దగ్గరితో ఆగితే సరిపోను. పై అధికారి గ్రూపులో ఏదో ఘాటుగా ఆర్డరు పెట్టాడు, పని వేళలు పాటించని వాళ్ల మీద చర్యలుంటాయని. ఈయన దాన్ని శ్రద్ధగా చదువుకుని, అదే గ్రూపులో ఆయనకే తిప్పి పంపాడు. అధికారికి మండిపోయింది. నాకు ఫోను చేసి, "నా ఆర్డరు నా ముఖానే కొడతాడా మీ వాడు? ఇదేనా మీరు నేర్పుతున్నది? మీకు చేతకాకపోతే చెప్పండి, ఇద్దర్నీ కలిపి గోడౌనుకి పంపిస్తా" అని, ఇంకా ఇక్కడ రాయడానికి వీల్లేనివి నాలుగు అన్నాడు. నేను నోరు మూసుకుని విన్నాను. అక్కడ మూసుకున్న నోరు కౌంటరు దగ్గర తెరిచాను.

సోమవారం, జనం నిండా ఉన్నారు. "ఈ జన్మలో మీకిది రాదు. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. నా పరువు తీస్తున్నారు. ఆ ఫోను అవతల పెట్టండి. రేపట్నుంచి కౌంటర్లో కూర్చోవద్దు" అన్నాను. పేపర్లు చదివేవాళ్లు తలలెత్తారు. ఎవరో "బావ…" అని మెల్లగా అన్నారు.

ఆయన చేతిలో ఉన్న పుస్తకానికి ముద్ర వేసి, ఊది, ఎదురుగా ఉన్న మనిషికిచ్చాడు. జేబులోంచి నిమ్మకాయ తీసుకుని కుళాయి దగ్గరకి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. రోజూ మధ్యాహ్నం ఇంటికెళ్లి సాయంత్రం మళ్లీ పనిలోకి వచ్చేటప్పుడు కూడా కడుక్కుంటాడు కదా అనుకోండి. కానీ ఆ కడుక్కోవడం వేరు. తర్వాత వెనక గదిలో చిరిగిన పుస్తకాలకి అట్టలేసే చోట కూర్చున్నాడు.

మంగళ, బుధ రెండు రోజులూ అక్కడే. కౌంటరులో నేను కూర్చున్నాను. వచ్చినవాళ్లందరూ "బావేడి?" అనే అడిగారు. పుస్తకం తీసుకుంటూ ఒక్కరూ నా ముఖం కేసి చూడలేదు.

బుధవారం సాయంత్రం సబ్బవరం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు ఎలాగూ లేదు, ఫోను తీసి వాయిస్ మెసేజ్ గుండీ నొక్కాను. ఆఫీసు భాష కూడా నోటికి రాలేదు, ఇంట్లో మాట్లాడే మాటే వచ్చింది. "బాబాయ్, నాను. నాను తప్పు మాటాడీసేను. అందరి ముందరా అనీసేను. మీకు రాక కాదు బాబాయ్, నాకు నేర్పడం రాలేదు. రేపు కౌంటర్లో కూసోండి. ఆ కుర్సీ మీదే." మధ్యలో కండక్టరు "వేపగుంట, వేపగుంట" అని అరుస్తున్నాడు. అది కూడా అందులో పడింది. మళ్లీ వింటే పంపనని భయమేసి అలాగే పంపేశాను.

గురువారం నేను వెళ్లేసరికి ఆయన కౌంటరులో ఉన్నాడు. తల దువ్వుకుని ఉన్నాడు. "నమస్కారం మేడంగోరూ" అన్నాడు. నేనూ "నమస్కారమండీ" అన్నాను. అంతే! బాబాయ్ అన్న మాట మళ్లీ నా నోట్లోంచి రాలేదు. ఒక గుండీ నొక్కి చెప్పినంత తేలిక కాదు కదా ఎదురుగా చెప్పడం. మెసేజీ విన్నాడో లేదో అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకటి మాత్రం గమనించాను. ఆ మెసేజీ తిరిగి రాలేదు.

*

సరిగ్గా రెండు వారాలకి, గురువారం పదకొండింటికి, ఆయన నా టేబులు దగ్గరకొచ్చి ఫోను బోర్లా పెట్టాడు, ఖాకీ అట్ట, చీటీ పైకి కనపడేటట్టు. పక్కనే ముద్ర.

"రెన్యువల్ సేయండి మేడంగోరూ."

"దేనికండీ?"

"మీ మాటొకటి నా కాడ ఉండిపోనాది. ఈయేళతో గడువైపోనాది. ఇంకా ఇవ్వాలని లేదు."

నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. తల దించుకుని, ఆయన వేసినట్టే, దబ్బుమనకుండా, చీటీ మీద ముద్ర వేశాను. ఊదాను కూడా.

ఆ తర్వాత మేమిద్దరం రోజూ సాయంత్రం అరగంట కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లం. నేను అరవలేదు, ఆయన తొందరపడలేదు. రెండు నెలల గడువు ముగిశాక ఆ పై అధికారే తనిఖీకి వచ్చి, ఎదురుగా నిలబడి, పుస్తకం ఇచ్చి చూపించమన్నాడు. ఈయన ఒక్క వేలితో అంకెలు కొట్టి, కార్డు చూపించి, యంత్రం కీచుమన్నాక తల ఊపాడు. అయిపోయిందనుకునేలోగా ముద్ర తీసి, అద్ది, ఊది, చీటీ మీద కూడా వేశాడు.

"కంప్యూటర్లో ఎక్కింది కదయ్యా, మళ్లీ అదెందుకు?"

"అది మిషనుకి సార్. ఇది సదివినోలకి."

అధికారి సంతకం పెట్టి వెళ్లాడు. కుర్చీ నిలిచింది. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. రెండు వారాలకొకసారి ఫోను బోర్లా పెడుతూనే ఉన్నాడు. ఒకసారి నేనే అన్నాను, "ఎన్నాళ్లండీ ఇది? ఆ మెసేజీ మీదే, ఉంచేసుకోండి. గడువేమీ లేదు" అని.

ఆయనకది నచ్చలేదు. "నాదెలగవుద్ది? మాట మీది. నాను ఉంచీసుకుంటే అది ఒక్కసారి అన్న మాటే. ఇలగైతే మీరు మళ్లీ మళ్లీ ఇత్తన్నారు, నాను మళ్లీ మళ్లీ పుచ్చుకుంటన్నాను" అన్నాడు. అప్పుడైనా "అలాగే బాబాయ్" అనొచ్చు. "సరేనండీ" అన్నాను.

రిటైరయ్యాక కొన్నాళ్లు వచ్చి ముద్ర వేయించుకెళ్లేవాడు. మోకాళ్లు పట్టేశాక వాయిస్ మెసేజీ మొదలైంది. నేను "చేశాను" అని పెడితే, తనే చీటీ మీద పెన్సిలుతో వచ్చే గడువు తేదీ రాసుకునేవాడట. ముద్ర లైబ్రరీది కాబట్టి, ఇంట్లో పెన్సిలే.

*

ఆ శనివారం జాలరిపేట వెళ్లాను. అప్పటికే తీసుకెళ్లిపోయారు. ఇంటి ముందు అద్దె కుర్చీలు మడతపెడుతున్నారు. ఆడవాళ్ల మధ్యలో ఆయన భార్య తల వాల్చి కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి ఏమని చెప్పను? ఎవరినని చెప్పను? చెప్పులు విప్పకుండానే తిరిగొచ్చేశాను.

నెల తిరిగాక ఒక గురువారం ఆవిడే లైబ్రరీకి వచ్చింది. ఖాళీ బుట్ట గేటు దగ్గర పెట్టి, సరాసరి కుళాయి దగ్గరకి వెళ్లింది, దారి తెలిసినట్టే. కొంగు ముడిలోంచి సగం నిమ్మకాయ తీసి మోచేతుల దాకా రుద్దుకుని, అరచేతులు వాసన చూసుకుని అప్పుడు లోపలికొచ్చింది.

"మేడంగోరంటే నువ్వేనేటమ్మా?"

లేచి నిలబడ్డాను. కుర్చీ వేశాను, కూర్చోలేదు. కొంగులోంచి ఫోను తీసి నా టేబులు మీద బోర్లా పెట్టింది. అదే ఖాకీ అట్ట, అంచులు చిరిగిపోయి ఉంది.

"మీ బాబాయి ఇచ్చీమన్నాడు. ఇందులో నీ మాటొకటుందంట, నీకు అప్పసెప్పీమన్నాడు. నాకు తియ్యడం రాదు, నువ్వే తీసీసుకోమ్మా."

 ఆవిడే చెప్పింది. "గురువారం నాడు ఆస్పత్రిలో ఒకటే గోల అమ్మా, ఫోను ఫోను అని. ఆ గదిలోనికి ఫోను తేకూడదన్నారు. 'ఈయేళ గడువే. సెప్పకపోతే మేడంగోరు బెంగెట్టుకుంటాది. నాకేటైపోనాదోనని పరిగెత్తుకొచ్చీగలదు, పాపం బస్సులట్టుకుని తిరుగుద్ది' అని. నర్సమ్మని కూడా బతిమాలినాడు."

నేను బెంగపెట్టుకోలేదు. పరిగెత్తుకెళ్లలేదు. ఎంతమంది ఇళ్లకో వెళ్లి చూసొచ్చిన మనిషి గడువు దాటితే, వెళ్లి చూడాల్సినదాన్ని నేనొక్కదాన్నే. కోపం తెచ్చుకుని కూర్చున్నాను. ఆ మాట ఆవిడకి చెప్పేశాను. "నేను రాలేదు. ఫోను కూడా చెయ్యలేదు. మర్చిపోయాడనుకున్నాను" అన్నాను. చెప్తుంటే ఏడుపొచ్చేసింది, అందరి ముందరే. ఒకప్పుడు ఆయన్ని నేను మాటలన్న చోటే.

ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. "ఓసారి ఎట్టమ్మా, ఇందాం. తీసీసినాక మరి ఉండదు కదా" అంది.

పెట్టాను. లైబ్రరీ నిశ్శబ్దంలో నా గొంతే నాకు వినపడింది. బాబాయ్, నాను. నాను తప్పు మాటాడీసేను. వెనకాల కండక్టరు వేపగుంట, వేపగుంట అంటున్నాడు. పేపర్లు చదివేవాళ్లు తలలెత్తి, మళ్లీ దించుకున్నారు. స్టీల్ ప్లాంటు పెద్దాయన కళ్లజోడు తీసేశాడు.

"తెల్లారి సేపలేరతా రోజూ ఎట్టీవోడు" అందావిడ. "నాకు ఆ కండక్టరు కేక కూడా నోటికొచ్చీసినాది. బాబాయ్ అన్నావు కదమ్మా, అదిగో, అక్కడికొచ్చేసరికి ఏరడం ఆపీసీవోడు."

"ఒక్కసారే అన్నాను."

"ఒక్కసారే అన్నావు. ఆడు రోజూ ఇన్నాడు."

ఫోను వెనక చీటీ చూశాను. పైన ముద్రలు, మొదటివి నావి, వంకరగా. కింద అన్నీ పెన్సిలు తేదీలు, ముత్యాల్లాంటి ఆయన అంకెలు. చివరి తేదీ ఆ గురువారమే. దాని కింద ఒక్క గీత కూడా చోటు లేదు.

డ్రాయరు తెరిచి కొత్త చీటీ తీశాను. గమ్ము రాసి పాతదాని పక్కన అంటించాను. ముద్ర సిరాపట్టీ మీద అద్ది, ఊది, ఆనించి, బొటనవేలితో నొక్కాను. ఫోను ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది నేను తీసుకోను పిన్నీ. రెన్యువల్ చేశాను. రెండు వారాలు మీ దగ్గరుంచండి. గురువారం పదకొండింటికి తీసుకురండి."

పిన్నీ అన్న మాట ఎక్కడా అడ్డం పడకుండా వచ్చేసింది. ఆవిడ ఆ చీటీ కేసి చూసింది, చదవడం రాదు, ఆరని సిరా మీద మాత్రం వేలు పడకుండా పట్టుకుంది.

"మరి రాలేకపోతేనో?"

"రాలేకపోతే నేనొస్తాను" అన్నాను.

ఇవాళ ఆ గురువారం. పదకొండున్నరయింది, పిన్ని రాలేదు. ఆటో దొరక్కపోయి ఉంటుంది. బేరం తెమిలి ఉండదు. ఏదో చిన్న సంగతే అయ్యుంటుంది. కౌంటరు కొత్తమ్మాయికి అప్పచెప్పాను. ముద్ర, సిరాపట్టీ సంచిలో పెట్టుకున్నాను. జాలరిపేట వెళ్లి చూసొస్తాను.